పూచ్చికి పూచీ

మా వంశంలో నాకు ముందు ఎవరూ జీతానికి పనిచేయలేదు. గొప్పకు చెప్పడం లేదు, నిజం కాబట్టి చెబుతున్నాను. మా ముత్తాత పల్లకిలో తిరిగాడు. తాత గుర్రపుబండిలో తిరిగాడు. నాన్న కోర్టుల చుట్టూ తిరిగాడు. నేను ఆరోగ్యశాఖవారి సైకిలు మీద తిరిగాను. పిల్లల కడుపుల్లోంచి పురుగులను వెళ్ళగొట్టడం నా ఉద్యోగం. నాకు పెళ్ళి సంబంధాలు చూసే రోజుల్లో మా అమ్మ ఆ సంగతి గడప దాటనివ్వలేదు. "ప్రభుత్వంలో అధికారి" అని మాత్రం చెప్పి ఊరుకునేది.

ఈమధ్య కొత్తగా హెల్త్ ఇన్‌స్పెక్టర్లుగా చేరిన పిల్లలు కొందరు పుదుచ్చేరి నెల్లితోపులో మా ఇంటికి వచ్చారు. అనుభవం చెప్పమని అడిగారు. మందుల గురించి వాళ్ళకు నాకంటే ఎక్కువే తెలుసు. అందుకని మాటల గురించి చెప్పాను. నేనన్న ఒక మాటకు ఒక వీధి వీధంతా తలుపులు వేసుకుంది. ఇంకొక మాటకు తెరిచింది. నా లెక్కలో రెండూ మంచి తెలుగు మాటలే. ఆ పిల్లలు నవ్వుకుని వెళ్ళారు. వెళ్ళాక, దీన్ని కాగితం మీద పెడితే బాగుంటుందనిపించింది. వాళ్ళలో తెలుగు చదవగలిగినవారు తక్కువ. అయినా జరిగింది తెలుగులో కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. చదవరానివారికి ఎవరైనా చదివి వినిపించండి.

అరియాంకుప్పం వైపు, వంతెన దాటి కొంత లోపలికి పోతే ఒక తెలుగు వీధి ఉంది. పూలు, ఆకుకూరలు పండించి టౌను బస్సులో మార్కెట్టుకు తెచ్చుకునే కుటుంబాలు. వాళ్ళ తాతలు మా తాతల పొలాల్లో పనిచేసినవారు. పొలాలు మా చేయి దాటి ఒక తరం గడిచింది. ఆ భూమిలో చాలావరకు ఇప్పుడు ఇళ్ళ ప్లాట్లు. అయినా ఆ వీధిలో ముసలివాళ్ళు నన్ను "చిన్నయ్యా" అనే పిలిచేవారు. అప్పటికే నా జుట్టు సగం నెరిసింది. నేను వీధిలో అడుగుపెడితే అవ్వలు చెప్పులు విప్పి పక్కకు నెట్టేవారు. మా తాత ఇంటి ముందు ఎవరూ చెప్పులతో నడవకూడదని ఆనాటి కట్టుబాటు. తాత పోయాడు, ఇల్లు పోయింది, ఆ స్థలంలో పాలరాయి బండలు అమ్మే దుకాణం వచ్చింది. కట్టుబాటు మాత్రం ఆ అవ్వల కాళ్ళకు మిగిలింది. నేను వద్దనలేదు. ఇస్త్రీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, పాలిష్ బూట్లతో, వాళ్ళ మధ్యలోంచి నిటారుగా నడిచి వెళ్ళేవాణ్ణి.

ఆ వీధిలో ఒక అమ్మాయి ఉండేది. తొమ్మిది పదేళ్ళుంటాయి. క్లాసులో బల్ల మీద తల పెట్టి నిద్రపోతోందని, మేడమెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుంటోందని బడి టీచరు మా ఆరోగ్య కేంద్రానికి పంపింది. మా డాక్టరమ్మ అప్పుడే చదువు ముగించి వచ్చిన అమ్మాయి, తమిళం మాట్లాడే మనిషి. ఆమె బిడ్డ కళ్ళ కింది రెప్పలు లాగి చూసి, నాలుక చూపమంది. బిడ్డ నాలుక చాపింది. కొత్తగా వెల్ల వేసిన గోడలా ఉంది. ఆ పోలిక నాకు ఊరికే రాలేదు. ఆ బిడ్డ గోడ సున్నం గీరుకుని తింటోందని అంతకుముందే చెప్పారు. రక్తం బాగా తగ్గినవాళ్ళకు మట్టి, సున్నం మీద మనసు పోతుంది.

పరీక్షలో కొంకిపురుగు అని తేలింది. అది తడిమట్టిలో ఉండి, చెప్పులు లేని అరికాలి చర్మంలోంచి దూరుతుంది. తిరిగి తిరిగి పేగు చేరి, అక్కడ కరుచుకుని రక్తం తాగుతుంది. "ఇంకా తగ్గితే మామూలు జ్వరం వచ్చినా ఈ బిడ్డ తట్టుకోలేదు సార్" అంది డాక్టరమ్మ నాతో. అక్కడికక్కడే మాత్ర చేతికి తీసుకుంది.

బిడ్డ నాయనమ్మ మనవరాలిని కొంగులోకి లాక్కుంది. తల్లి ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేది, బిడ్డను పెంచేది ఈ అవ్వే.

"వద్దు తల్లీ. పోయినతూరి మీరిచ్చిన టానిక్కు తాగి బిడ్డకు నల్లగా పోయింది. కడుపంతా మాడిపోయినట్టుండాది. కాలవలో పోసేస్తిని. ఇంక మీ మందు మాకు వేండాం."

ఇనుము ఉన్న టానిక్ తాగితే దొడ్డికి అలా నల్లగా పోవడం మామూలే. ఆ సంగతి చెప్పేలోపు అవ్వ బిడ్డతో సహా బస్సెక్కేసింది.

కష్టం ఆ ఒక్క బిడ్డతో తీరేది కాదు. ఒక్కతెకు మాత్ర వేస్తే, అదే తోటల్లో ఒట్టికాళ్ళతో తిరిగి ఆరు నెలల్లో మళ్ళీ పురుగు తెచ్చుకుంటుంది. ఇళ్ళలో మరుగుదొడ్లు ఉన్నా ఆ వీధి పిల్లలు తోటల్లోకే పోయేవారు. వీధిలో పిల్లలందరూ ఒకేసారి మాత్ర తినాలి. దేశమంతా పిల్లలకు ఆ మాత్ర వేసే రోజు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఆ రోజు ఆ వీధి పిల్లలు బడికే వచ్చేవారు కాదు. ఆ వీధికి పెద్ద ఆ అవ్వే. ఆమె వద్దంటే వీధి వద్దనేది. అవ్వ సరే అంటే ఆ బిడ్డ బతుకుతుంది. విషయం అంతే.

ఈసారి వీధిలోని అంగన్‌వాడీలోనే మాత్రలు వేద్దామని నిర్ణయించాం. అప్పుడే మా ఆఫీసుకు ఒక కట్ట తెలుగు పోస్టర్లు వచ్చాయి. యానాం కూడా మా పుదుచ్చేరి కిందిదే, అక్కడి భాష తెలుగు. అక్కడివారి కోసం అచ్చువేసినవాటిలో మిగిలినవి ఇవి. తెలుగు వీధికి తెలుగు పోస్టర్లు అని అందరూ సంబరపడ్డారు. ఆ వీధిలో తెలుగు మాట్లాడనివాడు లేడు, తెలుగు చదవగలిగినవాడూ లేడు. వాళ్ళు బడిలో నేర్చింది తమిళ అక్షరాలు. ఆఫీసు మొత్తంలో ఆ పోస్టరు చదవగలిగినది నేనొక్కణ్ణే. మా నాయనమ్మ పట్టుబట్టి నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది. "ఆస్తి పోతే పోనీ, అక్షరం పోకూడదు" అనేది.

అందుకని మైకులో నేనే చెబుతానన్నాను. పోస్టరులో "నులిపురుగుల మాత్ర" అని ఉంది. ఆ మాట ఆ వీధివారికి తెలియదని నాకు తెలుసు. సులువుగా ఉండాలని నేనే మార్చి, గంభీరంగా చదివి రికార్డు చేశాను:

"తల్లులారా, తండ్రులారా! రేపు మన అంగన్‌వాడీలో పిల్లలందరికీ ఉచితముగా పురుగుల మందు పెట్టబడును. వీధిలో ఒక్క బిడ్డ కూడా మిగలరాదు!"

మైకు కట్టిన ఆటో డ్రైవరుకు తెలుగు రాదు. "సార్ గొంతు సినిమా గొంతు మాదిరి ఉంది" అని మెచ్చుకుని, పూర్తి శబ్దం పెట్టి, చీకటి పడేదాకా వీధి ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాడు.

మర్నాడు అంగన్‌వాడీలో బల్ల వేసి, మాత్రలూ నీళ్ళ బిందే పెట్టుకుని కూర్చున్నాం. పిట్ట కూడా రాలేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఒకామె ఇద్దరు పిల్లలను చెరో చంకన వేసుకుని పుట్టింటికి బస్సెక్కడం చూశాం. మా నర్సమ్మ చాలా ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి, నోరు కూడా అంతే. "ఏం సార్, ఈ వీధిలో పిల్లలే పుట్టలేదా?" అంది తమిళంలో.

చివరికి అవ్వ ఒక్కతే వచ్చింది. చెప్పులతో వచ్చింది. విప్పలేదు. బల్ల ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏంది చిన్నయ్యా, మా బిడ్డలు మీకేం అన్యాయం చేసినారు?"

"ఏమైంది అవ్వా?"

"ఏమైందా? పురుగుమందు పెడతారంట! ఒక్క బిడ్డను గూడా మిగల్చరంట! సంపేవాళ్ళు మైకు పెట్టి చెప్పేది ఈ ఊర్లోనే చూసినా. మా ఎనుము పురుగుమందు డబ్బా నాకి, నురగ కక్కి సచ్చింది. అది మా బిడ్డలకు పెడతారా?"

"కడుపులో పురుగులకు ఇచ్చే మందు అవ్వా. అందుకే పురుగుల మందు అన్నాను."

"కడుపులో ఉండేది పూచ్చి గదా! పురుగుమందు వంకాయ చెట్టుకు కొట్టేది! ఇది యాడి తెలుగు సామీ?"

నర్సమ్మ వెంటనే అర్థం చేసుకుంది. పూచ్చి తమిళ మాటే కదా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కగదిలోకి పోయింది. అక్కడి నుంచి నవ్వు వినబడింది.

నా తెలుగు పుస్తకాల్లోంచి వచ్చింది. పొలాలు పోయేనాటికి నేను పసివాణ్ణి. మందు కొట్టే మనిషి పక్కన ఒక్కనాడు నిలబడి ఎరగను. నాయనమ్మ అక్షరాలు కాపాడింది గానీ, పొలంతోపాటే పొలం మాటలూ పోయాయని ఆమెకు తెలియదు, నాకూ తెలియదు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ, "ఒప్పుకోని వీధి అని పైకి రాసేద్దామా సార్?" అని అడిగింది. ఆమె తప్పు లేదు. ఆమె చేతిలో ఇంకా చాలా వీధులున్నాయి. మాత్ర తప్పిపోయినవాళ్ళకు మళ్ళీ వేసే రోజు వారంలో ఉంది, అప్పటిదాకా ఆగమన్నాను. నా మాట వల్ల చెడింది నా మాటతోనే బాగుపడాలని పంతం. దానికంటే, ఆ తెల్లని నాలుక కంటి ముందు నుంచి పోవడం లేదు.

రెండు రోజుల తరవాత ఒక్కణ్ణే వెళ్ళాను. అవ్వ ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు కూర్చుని ఆకుకూర కట్టలు కడుతున్నారు. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని ఉంది, గోళ్ళలో సున్నం. అవ్వకు కోపం ఇంకా తగ్గలేదు. అయినా నన్ను చూడగానే కాళ్ళు వాటంతట అవే చెప్పుల్లోంచి బయటికి వచ్చాయి. అప్పుడు మొదటిసారి అన్నాను.

"చెప్పులు వేసుకో అవ్వా. విప్పొద్దు. ఆ పూచ్చి అరికాలి నుంచే దూరేది. పిల్లలకు కూడా వేయించు."

అవ్వ కట్టే కట్టను కింద పెట్టింది.

"మీ తాత కాలాన చెప్పులేసుకుంటే తప్పు. మీ కాలాన ఏసుకోకుంటే తప్పు. అసలు మా కాళ్ళతో మీ ఇంటోళ్ళకు ఏంది సామీ పని?"

అరుగు మీద అందరి చేతులూ ఆగిపోయాయి. నేను నా పాలిష్ బూట్ల వైపు చూసుకున్నాను.

అవ్వే మళ్ళీ అంది, గొంతు కొంచెం తగ్గించి. "సెరి, పోనీ. మాత్ర ఏసినాక బిడ్డకు ఏమన్నా అయితే బదులు చెప్పేదెవురు? డాక్టరమ్మకు ట్రాన్స్‌ఫర్ వస్తాది. నర్సమ్మ ఇంకో ఊరికి పోతాది. ఆటో వాడు మైకు తీసుకుని పోతాడు. నేనెవుర్ని అడగాల?"

మా తాతకు ఒక అలవాటు ఉండేదట. కాలవ నీళ్ళ తగాదా అయినా, గట్టు తగాదా అయినా, రెండు వైపులా విని లేచి నిలబడి, గుండె మీద చెయ్యి వేసి ఒకే మాట అనేవాడట. ఆ మాటతో తగాదా తీరిపోయేదట. ఆ మాట మా ఇంట్లో ఒక నగలాగా దాచుకున్నాం. నేనూ లేచి నిలబడ్డాను. గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

"దానికి నేను పూచీ!"

ఒక కోడలు పక్కామెను మెల్లగా అడిగింది. "ఏంది వదినా, చిన్నయ్య తాను పూచ్చి అంటాండాడు?"

నవ్వులకు అరుగు కూలిందా అనిపించింది. ఆకుకూర కట్టలు ఒళ్ళోంచి దొర్లిపోయాయి. అవ్వ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "యా పూచ్చి సామీ మీరు? తెల్ల పూచ్చియా, ఎర్ర పూచ్చియా?" అంది. "చొక్కా చూస్తే తెలియదా అత్తా, తెల్ల పూచ్చి!" అని ఇంకొకామె అందుకుంది. నేను చెయ్యి గుండె మీదనే పెట్టుకుని నిలబడి ఉన్నాను. తీయడానికి కూడా తోచలేదు.

ఆ అమ్మాయి కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది. ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని మెల్లగా జారి కూర్చుంది. పెదవులు తెల్లబడ్డాయి. నోరు ఇంకా నవ్వుతూనే ఉంది, శబ్దం మాత్రం లేదు.

ఒకరి తరవాత ఒకరు నవ్వు ఆపేశారు. అవ్వ లేచి వెళ్ళి బిడ్డ వీపు నిమిరింది. చాలాసేపు నిమిరింది.

"నవ్వేదానికి గూడా బలం లేదే నా తల్లికి" అంది. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

అప్పుడు చెప్పాను, అవ్వ భాషలో చెప్పడానికి ప్రయత్నిస్తూ. "పూచీ అంటే జామీను అవ్వా. నాకు ట్రాన్స్‌ఫర్ లేదు. మా ఇల్లు నెల్లితోపులో. ఏమైనా అయితే నా ఇంటికి వచ్చి నన్ను అడుగు."

అవ్వ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "ముందు మీరు తినండి ఆ మాత్ర. నా కండ్ల ముందర. తినేసి పొద్దు గూకేదాకా మా వీధిలోనే కూచోండి. అప్పుడు చూస్తాం."

అనుకున్న రోజు వచ్చింది. వీధి మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. వీధంతా చుట్టూ నిలబడింది. నేను మాత్ర నోట్లో వేసుకుని బాగా నమిలి మింగాను. కొంచెం తియ్యగానే ఉంటుంది. లేవబోతే అవ్వ వేలు చూపించింది.

"ఉండండి. దవడకింద దాచినారేమో. నాలుక చూపించండి."

మా వంశంలో ఎవరూ నడివీధిలో నాలుక చాపి ఉండరు. నర్సమ్మ ఆకాశం వైపు చూస్తోంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, నాలుక పూర్తిగా చాపి, అటూ ఇటూ తిప్పి చూపించాను. పిల్లలు ఈలలు వేశారు.

కాసేపు చూసి, అవ్వ నేరుగా ఆటో దగ్గరికి నడిచింది. డ్రైవరు చేతిలోంచి మైకు తీసుకుంది. ఆమె అన్నది ఇంకా నా చెవిలో ఉంది.

"అమ్మీ, అందురూ ఇనండి! ఇది పురుగుమందు గాదు, పూచ్చి మాత్ర. చిన్నయ్య తినేసి కూచోనుండాడు. ఇంకా సావలా. బిడ్డల్ని తీసుకోని రాండి!"

తలుపులు తెరుచుకున్నాయి.

మొదటి మాత్ర మనవరాలికే వేయించింది. కొంతసేపటికి ఆ బిడ్డ కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు కాసేపు అలా నొప్పి రావచ్చు. ఆ సంగతి నాకు తెలుసు, నర్సమ్మకు తెలుసు. వీధికి తెలియదు. వరుసలో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. పూచీ అన్న మాట బరువెంతో ఆ క్షణంలో తెలిసింది. మా తాతకు తెలిసే ఉంటుంది, ఆ సంగతి మాత్రం ఎవరూ నాకు చెప్పలేదు. నర్సమ్మ బిడ్డను నీడలో చాప మీద పడుకోబెట్టి నీళ్ళు పట్టించింది. నేను కుర్చీ వదిలేసి ఆ చాప పక్కన నేల మీద కూర్చున్నాను. ఆ వీధిలో నేల మీద కూర్చోవడం అదే మొదలు. అవ్వ నాకెదురుగా కూర్చుంది. వరుస కదలలేదు.

బిడ్డ నిద్రపోయింది. లేచి, కళ్ళు నులుముకుని, "అవ్వా, ఆకలేస్తాంది" అంది.

అవ్వ నా వైపు చూడకుండానే వరుసకు చెయ్యి ఊపింది. "ఏంది నిలబడినారు? కదలండి!" అంది.

పొద్దు గూకేదాకా కూర్చున్నాను, అన్నమాట ప్రకారం. టానిక్ తాగితే నల్లగా పోవడం మామూలేనని ఆ సాయంత్రం నర్సమ్మ అవ్వకు నిదానంగా చెప్పింది, ఈసారి అవ్వ వింది. కొత్త సీసా కాలవలోకి పోలేదు.

మీరు మాత్రలు పట్టుకుని ఏదో ఒక వీధికి వెళతారు. మీ భాష మంచిదే కావచ్చు. వీధిలోకి పోయాక అక్కడి బిడ్డ కడుపునొప్పిని ఏ మాటతో చెబుతుందో ముందు అది వినండి. మీ పెద్దలు ఆ వీధికి ఏం చేశారో వీధి మరిచిపోయి ఉండదు. మీరు మరిచిపోకండి. ఇంతకంటే పెద్ద పాఠం నా దగ్గర లేదు.

ఆరు నెలలకు మళ్ళీ మాత్రలు వేసే రోజు వచ్చింది. నేను బస్సు దిగగానే పిల్లలు, "పూచ్చి సార్ వచ్చినాడో!" అని కేకలు పెట్టారు. ఆ పేరు అప్పటికే ఆఫీసుకు కూడా చేరింది. నర్సమ్మ పుణ్యం. అవ్వ అంగన్‌వాడీ ముందు వరుస సర్దుతోంది. నన్ను చూసి, "రాండి చిన్నయ్యా" అంది. కాళ్ళకు చెప్పులు ఉన్నాయి. అలాగే ఉన్నాయి.

మనవరాలు వరుసలో ముందే ఉంది. అంతకుముందు తోటి పిల్లలతో పరుగు పందెం వేసి, ఓడిపోయి, ఆ కోపంతో ఉంది. నేను నవ్వాను. ఆమె నా వైపు తిరిగి, కళ్ళు చిట్లించి, నాలుక బారెడు చాపి వెక్కిరించింది.

"ఏయ్! పెద్దోళ్ళకు నాలుక చూపిస్తారటే? సిగ్గు లేదూ?" అని అవ్వ చెయ్యి ఎత్తింది.

"ఉండవ్వా" అన్నాను. "కొట్టొద్దు. ఒక్క క్షణం అట్లాగే ఉండనీ."

వంగి దగ్గరగా చూశాను. నా జీవితంలో అంత ఎర్రని వెక్కిరింపు నేనెన్నడూ చూడలేదు.